ఎవరిదీ కాని అరగంట

ఆయన పోయిన కబురు రెండు వాట్సాప్ గ్రూపుల్లోకి ఒకే ఉదయం వచ్చింది. ఒకటి మా సంఘానిది. రెండోది, మా ఆరాధన అయ్యాక అదే హాల్లో ఆరాధన చేసుకునే ఇంకో తెలుగు సంఘానిది. వాళ్ళ గ్రూపులో ఏమొచ్చిందో నాకెలా తెలుసంటారా? షార్జా అల్ నహ్దాలో మా అంతస్తులోనే ఉండే సలోమి ఆ సంఘానికి సెక్రటరీ. నేను మా సంఘానికి సెక్రటరీని. ఆవిడ తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది, నేను నాది ఆవిడకు చూపించాను. రెండు చోట్లా జనం ముందు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ వెంటనే రెండు చోట్లా ఎవరో ఒకరు అడిగారు: "మనవాడేనా?"

ఆ సంగతి తేల్చుకుందామని ఆయన బతికుండగానే నేను చేయని ప్రయత్నం లేదు. నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో పేరు. కూరగాయల సంచీ తిరగేసి అడుగున ఏముందో చూడనిదే నేను ఇంట్లోకి తీసుకోను. అలాంటిదాన్ని, ఏళ్ళ తరబడి ప్రతి వారం మా వెనక వరసలో కూర్చున్న మనిషి ఎవరో తెలుసుకోకుండా ఊరుకుంటానా?

ముందు హాలు సంగతి చెప్పాలి. ఇక్కడ మా ప్రార్థనలన్నీ చర్చిలకని ప్రభుత్వం ఇచ్చిన కాంపౌండ్‌లోనే. ఫ్లాట్లలో జనాన్ని పోగేసి పాటలు పాడుకోవడానికి లేదు. అందుకని ఆ ప్రహరీ లోపల ప్రతి గదికీ, ప్రతి గంటకీ ఒక భాష ఉంటుంది. పెద్ద హాలు మలయాళీలది, పైన ఫిలిప్పీన్స్ వాళ్ళు, పక్కన ఉర్దూ వాళ్ళు. చివరున్న చిన్న హాలు పొద్దున మాది, తర్వాత సలోమి వాళ్ళది. రెండూ తెలుగు సంఘాలే. ఒకే బైబిలు, ఒకే కీర్తనలు, బయటికొచ్చాక తినేది ఒకే హోటల్లో బిర్యానీ. తేడా అంతా నీళ్ళ దగ్గరే. మేం పసిపిల్లల నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇస్తాం. వాళ్ళు, మనిషి పెద్దయి తనంతట తాను అడిగాక, నిలువునా ముంచి ఇస్తారు. మా చిలకరింపు వాళ్ళ దృష్టిలో స్నానం కూడా కాదు. వాళ్ళు మళ్ళీ ముంచడం మా దృష్టిలో దేవుడు ఒకసారి చేసిన పనిని కొట్టేసి తిరగరాయడం.

ఆయన రెండు చోట్లకీ వచ్చేవాడు.

అందరూ మాష్టారూ అనేవారు. ఇక్కడే ఒక ఇండియన్ స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పేవాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ పొట్టి చేతుల తెల్లచొక్కా. మా ఆరాధన సగం అయ్యాక తలుపు చప్పుడు కాకుండా తోసుకొని వచ్చి, చివరి వరసలో స్తంభం పక్క కుర్చీ దగ్గర నిలబడి, జేబురుమాలుతో కుర్చీ తుడిచి కూర్చునేవాడు. అంతవరకూ ఎవరైనా చేసేదే. వెళ్ళేటప్పుడు లేచి నిలబడి, మళ్ళీ ఆ కుర్చీనే ఇంకోసారి తుడిచేవాడు. కూర్చోబోయే ముందు తుడవడం శుభ్రత. లేచాక తుడవడం దేనికి? దొంగ వేలిముద్రలు తుడిచినట్టు అనిపించేది నాకు.

మా ఆరాధన అయ్యాక ఆయన ఆ హాల్లోనే ఉండిపోయేవాడు. సలోమి వాళ్ళు లోపలికొచ్చి మొదలుపెట్టాక సగం దాకా కూర్చుని, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయేవాడు. మా బల్ల దగ్గరికి వచ్చి రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాడు కాదు. వాళ్ళ బల్ల దగ్గరా తీసుకునేవాడు కాదు. "మీ దగ్గర తీసుకుంటాడేమో, అందుకే మా దగ్గర ముట్టుకోడు అనుకున్నా," అన్నాను సలోమితో. "మేమూ అట్నే అనుకుంటుండాం అక్కా, మీ మనిషేనని," అందావిడ. సలోమిది నెల్లూరు. కింద కెఫెటీరియాలో కరక్ చాయ్ తాగుతూ మేమిద్దరం ఆయన గురించి కూడబలుక్కునేవాళ్ళం. వేరే ఏ విషయంలోనైనా పక్క సంఘం మనిషితో అంతసేపు మాట్లాడితే మా పెద్దలు ఊరుకునేవారు కాదు.

ఇంకో సంగతి నేనొక్కదాన్నే కనిపెట్టాను. ఆ రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు భోజనం ఉన్న రోజున మేమంతా నిలబడి పెద్ద విశ్వాస ప్రమాణం చెప్తాం. ఆయన కూడా నిలబడి, పుస్తకం చూడకుండా, గడగడా చెప్పేవాడు. చివరికొచ్చేసరికి బాప్తిస్మం ఒక్కటేనని ఒప్పుకునే మాట ఒకటి ఉంటుంది. అక్కడ నోరు మూసేవాడు. ఆ ఒక్క మాట దాటగానే మళ్ళీ అందుకునేవాడు. మొదటిసారి దగ్గొచ్చిందేమో అనుకున్నాను. రెండోసారి కావాలనే వెనక్కి తిరిగి చూశాను. పెదాలు బిగించి, ఎదురుగా గోడ వైపు చూస్తున్నాడు. సలోమితో చెప్తే ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. "మా దగ్గరా అంతే అక్కా. కొత్తోళ్ళని నీళ్ళల్లోకి దించే ముందు, చిన్నప్పటి చిలకరింపు బాప్తిస్మమే కాదని ఒప్పుకుంటారా అని అయ్యగారు అడగతాడు. సంఘమంతా ఆమేన్ అంటాది. ఆయన అనడు."

నిజానికి ఆయన్ని చూడకముందే నేను ఆయన గొంతు విన్నాను. కరోనా ఏడాది, హాలు మూసేసిన రోజుల్లో, మా అమ్మాయికి ఆయనే చరిత్ర పాఠం. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకొని అది వింటుంటే, వంటగదిలో చిక్కుడుకాయలు వలుచుకుంటూ నేనూ వినేదాన్ని. పాఠం ఇంగ్లీషులోనే గానీ యాస మాత్రం గుంటూరు దాటి రాలేదు. ఐరోపాలో నాలుగైదొందల ఏళ్ళ కింద క్రైస్తవ మతం చీలిపోయిన పాఠం అది. పాపక్షమాపణ చీటీలు అమ్ముతున్నారని ఒక సన్యాసి పోపు మీద తిరగబడ్డాడని నేనూ చిన్నప్పుడు చదువుకున్నాను. ఈయన అక్కడ ఆగలేదు. పుస్తకంలో లేనివన్నీ చెప్పాడు. తిరగబడినవాళ్ళలో మళ్ళీ చీలికలు వచ్చాయట. పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చాలదని రెండోసారి తీసుకున్నవాళ్ళను ఒక స్విస్ పట్టణంలో నదిలో ముంచి చంపారట. ముంచింది పోపు మనుషులు కాదట, పోపును కాదన్నవాళ్ళేనట. నీళ్ళ మీద అంత మోజైతే ఇవిగో నీళ్ళు అన్నట్టు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

పిల్లల్లో ఎవరో అడిగారు, అయితే ఎవరిది కరెక్టు సార్ అని. ఆయన, ఇద్దరి వైపు నుంచీ రాయండి, సగం మార్కులు ఇటు, సగం అటు అన్నాడు. ఆ వారమే ఫోన్ చేశాను.

"మాష్టారూ, పిల్లలకి ఏదో ఒకటి కరెక్టని చెప్పాలి కదండీ? సగం సగం అంటే వాళ్ళేం నేర్చుకుంటారు?"

"మీది ఏ సంఘమమ్మా?" అన్నాడు.

"ఎందుకండీ?"

"ఊరికే."

ఊరికే ఎవరూ ఏదీ అడగరు. ఆ రోజే అనుకున్నాను, ఈ సగం సగం మనిషిని ఒక కంట కనిపెట్టి ఉండాలని.

హాలు మళ్ళీ తెరిచినప్పుడు మా సమయంలోంచి పావుగంట కోశారు, సలోమి వాళ్ళ సమయంలోంచి పావుగంట కోశారు. మధ్యలో అరగంట. గుమ్మం పక్క బోర్డు మీద ఆ అరగంట ఎదురుగా 'క్లీనింగ్' అని రాశారు. మాస్కులు కట్టుకున్న కుర్రాళ్ళు వచ్చి కుర్చీలకి, తలుపు గొళ్ళేలకి మందు కొట్టేవాళ్ళు. సరే, రోగం రోజులు, తప్పదనుకున్నాం. అందర్నీ బయటికి పంపేవారు గానీ, హాలు తెరిచాకే రావడం మొదలుపెట్టిన మాష్టారు మాత్రం అక్కడే ఉండేవాడు. పెద్దమనిషి, ఎండలో నిలబడలేడని జాలిపడ్డారనుకున్నాను.

తర్వాత మాస్కులు పోయాయి. ఇక్కడి వారాంతపు సెలవులు మారి, శుక్రవారం ఆరాధన ఆదివారానికి వచ్చింది. మందు కొట్టే కుర్రాళ్ళు కూడా రావడం మానేశారు. బోర్డు మీద 'క్లీనింగ్' మాత్రం పోలేదు. అరగంట అరగంటలాగే ఉండిపోయింది, హాల్లో మాష్టారు ఒక్కడే కూర్చుని, బయట వేపచెట్ల నీడలో సలోమి వాళ్ళు కాచుకుని.

గొడవంతా అక్కడ మొదలైంది. మా అయ్యగారు ప్రసంగం ముగించేలోపే బయట వాళ్ళ డోలక్ చప్పుడు. పసిపిల్లకి బాప్తిస్మమిస్తుంటే టైమైపోయిందని ఎవరో తలుపు కొట్టారు. తల్లి బిడ్డనెత్తుకొని బయటికొచ్చి ఏడ్చింది. వాళ్ళ వైపు, దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేబర్ కాంపుల నుంచి బస్సులెక్కి వచ్చినవాళ్ళు సమయం చాలక నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ అరగంట వాళ్ళే ఆఫీసులో ఎవరినో పట్టుకుని నొక్కేశారని మా పెద్దలు. మేమే తొక్కిపెట్టామని వాళ్ళ పెద్దలు. మా బల్ల మీద పరిచే తెల్లబట్ట మడత మారిందని మావాళ్ళు, వాళ్ళ గిటారు తీగ తెంపామని వాళ్ళు. రెండు సంఘాలూ విడివిడిగా ఆఫీసుకెళ్ళి, నొక్కినవాళ్ళు అక్కడే ఉన్నారేమోనని అరగంట ఊసెత్తకుండా, ఈ బట్ట, తీగ తగువులే ఒకరి మీద ఒకరు చెప్పుకొచ్చాయి.

ఆఫీసులో కూర్చునే మలయాళీ పెద్దమనిషి చివరికి విసుగెత్తి మా ఇద్దరు సెక్రటరీలనీ పిలిచాడు. హిందీ, అరబ్బీ కలిపి నెమ్మదిగానే చెప్పాడు. "మేడం, ఔర్ ఏక్ బార్ ఝగడా, ఖలాస్. హాలు కోసం వేరే భాష వాళ్ళు బయట నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఇచ్చేస్తాను."

ఖలాస్ అంటే ఇక్కడ అయిపోయినట్టే. హాలు పోతే మాకు చర్చి లేదు. పెళ్ళి ప్రార్థన లేదు, పిల్లల బాప్తిస్మం లేదు, ఎవరైనా పోతే నాలుగు మాటలు చెప్పుకునే చోటు లేదు. మా బిల్డింగు ముందు టాక్సీ దిగాక సలోమి నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"అక్కా, ఒకటి చెప్తుండా. పోయిన వారం ఆ మాష్టారు ఆఫీసులోంచి వస్తా కనబన్నాడు. చేతిలో టీ కప్పు. ఆ మలయాళీ సారుతో నవ్వతా వస్తుండాడు."

"ఆఫీసులో ఆయనకేం పని?"

"అదే గదా."

అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయనుకున్నాను. ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు చేరవేసేది ఎవరు? రెండు చోట్లా కూర్చునేది ఎవరు? ఆ వేరే భాష వాళ్ళని తెచ్చి పెడుతున్నది ఆయనేనేమో అని కూడా అనిపించింది. వచ్చే ఆదివారం అడిగేస్తానని మా పెద్దలతో చెప్పాను. జాగ్రత్తమ్మా, మాటకారి అన్నారు.

ఆ ఆదివారం మావాళ్ళంతా వెళ్ళాక నేను వెనక్కి వచ్చాను. లైట్లు సగం తీసేశారు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన స్తంభం పక్కన, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను ముందు కుర్చీ ఆయన వైపు తిప్పి, ఎదురుగా కూర్చున్నాను.

"మాష్టారూ, మీరెవరి మనిషి?"

కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాడు. "వచ్చావా. ఇన్నాళ్ళు ఎట్టా ఆగావా అనుకుంటున్నా అమ్మాయ్."

"మాట తప్పించొద్దు."

"జర్మనీలో కొన్ని ఊళ్ళుండేయి," అని మొదలుపెట్టాడు. పాఠం వినే ఓపిక నాకు లేదని చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "వినమ్మా, పెద్దది కాదు. ఊరంతటికీ ఒకటే చర్చి. జనం రెండుగా చీలారు. కొత్తది కట్టుకునే తాహతు లేదు, ఉన్నదాన్ని వదులుకునే మనసు లేదు. పొద్దున ఒకళ్ళు, తర్వాత ఇంకొకళ్ళు. కొన్నిచోట్ల మధ్యలో తెర కట్టుకున్నారు. గోడ కట్టుకున్నోళ్ళూ ఉన్నారు. కొవ్వొత్తులు ఎవరియ్యి, గంట ఎవరు కొట్టాలి, అన్నీ తగువులే. పోపు గారు క్యాలెండర్ సరిచేసి పది రోజులు ముందుకు జరిపితే, ఆయన చెప్పాడు కాబట్టి మాకొద్దని రెండోవాళ్ళు పాతదే పట్టుకున్నారు. ఒకటే ఊళ్ళో పండగ రెండుసార్లు."

"అయితే?"

"అయినా చర్చి వదల్లా. కొట్టుకుంటానే ఒకే కప్పు కింద ఉన్నారు, తరాల తరబడి. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నారు. నాకు అదే ఆశ్చర్యం."

"మీరు మాత్రం మీరెవరో చెప్పరు."

ఆయన జేబురుమాలు తీసి మడత విప్పి మళ్ళీ పెట్టాడు. "మా అమ్మ నన్ను నెలల పిల్లోడిగా ఉన్నప్పుడు మీ చర్చి లాంటి చర్చికే ఎత్తుకెళ్ళింది. నీళ్ళు నెత్తిన పడంగానే ఏడుపు లంకించుకున్నానంట, అయ్యగారి చొక్కా తడిపేశానంట. ఆ సంగతి చచ్చిపోయేదాకా చెప్పుకుని నవ్వేది. పెళ్ళి ముంచుడు వాళ్ళమ్మాయితో కుదిరింది. మా మావగారు మునిగితేనే పిల్లనిస్తానన్నాడు. ఆ అమ్మాయికీ అప్పటికి బాప్తిస్మం కాలా. ఇద్దర్నీ ఒకే పూట కాలవలో దించారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, తనకి ఊపిరాడక నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగినయ్యి. అప్పటికి మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోను కూడా లేదు."

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయిందని ఎవరో చెప్పగా విన్నాను.

"ఇప్పుడు మీ పెద్దల దగ్గరికొస్తే, ఆ కాలవలోది తప్పు, ఒప్పుకో అంటారు. వాళ్ళ దగ్గరికెళ్తే, మీ అమ్మ చేయించింది బాప్తిస్మమే కాదు, ఒప్పుకో అంటారు. ఎవర్ని అబద్ధం చెయ్యను చెప్పు? బాప్తిస్మం ఒక్కటేనని నాకూ తెలుసు. ఆ ఒక్కటి ఏదో చెప్పమంటేనే నోరు రాదు." నా మొహం చూసి, "నువ్వు వెనక్కి తిరిగి చూస్తావుగా, నాకు తెల్సు," అన్నాడు.

పట్టుబడ్డదానిలా తల దించుకున్నాను. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇంత చక్కగా అతికిన కథ వింటే నాకు ముందు అతుకులే కనబడతాయి.

"ఇదంతా నమ్మమంటారా?"

"నమ్మొద్దులే. నీకు నప్పదు."

"మరి ఈ అరగంట ఇక్కడ ఒక్కరూ కూర్చుని ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యను. మీ టైమ్‌లో మీ మనిషినా కాదా అని చూస్తారు. వాళ్ళ టైమ్‌లో వాళ్ళూ చూస్తారు. ఈ అరగంట ఎవరిదీ కాదు కదా, నన్ను ఎవరూ చూడరు. ప్రార్థన చేసుకుంటా. ఇవ్వాళ నువ్వొచ్చావనుకో."

"ఆఫీసుకి ఎందుకెళ్ళారు?"

అప్పుడు మొదటిసారి ఆయన తడబడ్డాడు. "టీ బాగుంటుంది," అన్నాడు. లేచి, కుర్చీ తుడిచి, చెప్పులేసుకుని, ఆ రోజు సలోమి వాళ్ళ కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. మా పెద్దలకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఇంకా తేలలేదని చెప్పాను. అది నిజమే, టీ విషయం తేలలేదు.

ఆ తర్వాత ఆయన ఏమీ మారలేదు. మా విశ్వాస ప్రమాణంలో ఆ మాట దగ్గరికి రాగానే నేను వెనక్కి తిరిగేదాన్ని. ఆయన నా కోసమే ఎదురుచూస్తున్నట్టు కనుబొమలెగరేసి, మరీ చూపించి నోరు మూసేవాడు. నాకు నవ్వాగేది కాదు. నవ్వినందుకు నామీద నాకే కోపం వచ్చేది. సంఘాల మధ్య గొడవ తగ్గలేదు గానీ, హాలు పోతుందన్న భయానికి ఎవరూ ఆఫీసు గడప తొక్కలేదు.

ఆయన గుండె ఆగి పోయింది ఎండాకాలం సెలవులకి ముందు, స్కూలు స్టాఫ్ రూములో. శవాన్ని ఇంటికి పంపే పనులన్నీ స్కూలు వాళ్ళే చూసుకున్నారు. ఊళ్ళో తమ్ముడొకాయన ఉన్నాడని తెలిసి నేను ఫోన్ చేశాను. ఇక్కడ చర్చిలో ప్రార్థన పెట్టుకుంటామని చెప్తే, అంత ఏడుపులోనూ ఆయన అడిగిన మొదటి మాట, "మీరు ఏ సంఘం వాళ్ళమ్మా?" ఇంటిల్లిపాదికీ ఇదే జబ్బనుకున్నాను. "ఇద్దరమూనండీ," అని చెప్పేశాను.

చెప్పడం తేలిక. ఆయన నాతో చెప్పిన కాలవ సంగతి ఇప్పుడు పెద్దలకి చెప్పక తప్పలేదు. మళ్ళీ మునిగినవాడికి మనం ఎలా చేస్తామని మా పెద్దలు గొణిగారు. మా సభ్యుడు కాదు, సాక్ష్యం చెప్పలేదని అవతలివాళ్ళు. తాము చేస్తే, అయితే ఆయన మీవాడేనని అవతలివాళ్ళు ఎక్కడ అంటారోనని ఇద్దరికీ అనుమానం. చెయ్యకపోతే జాలి లేనివాళ్ళమని ఎక్కడ ప్రచారం చేస్తారోనని ఇంకో అనుమానం. చివరికి నేనూ సలోమీ మా మా గ్రూపుల్లో ఒకే మాట రాశాం: ఆదివారం మధ్య అరగంటలో మాష్టారి కోసం ప్రార్థన, వచ్చేవాళ్ళు రావచ్చు.

మావాళ్ళు లేవకుండా అలాగే కూర్చున్నారు. వాళ్ళు తలుపు తోసుకుని లోపలికొచ్చి గోడల వెంట నిలబడ్డారు. స్కూలు వాళ్ళిచ్చిన ఫొటో ఆయన కుర్చీలోనే పెట్టాం. సలోమి ముందు ఆ కుర్చీ తన కొంగుతో తుడిచింది. మా అయ్యగారు తెల్లటి నిలువుటంగీలో ఒక పక్క, వాళ్ళ పాస్టరుగారు కోటులో ఇంకో పక్క. ఎవరు మొదలుపెట్టాలి? నువ్వు మొదలుపెడితే నీ సంఘం వాడైపోతాడని ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఏసీ చప్పుడు వింటూ మేమంతా. ఇంతలో ఎవరో కీర్తన ఎత్తుకున్నారు, రెండు చోట్లా పాడుకునేదే. అందరం అందుకున్నాం. అది అయ్యేసరికి ఇంకొకటి. డోలక్ వచ్చింది. ప్రసంగం లేదు, ఆయన ఎవరివాడని ఎవరూ అనలేదు, పాడుతుండగానే అరగంట అయిపోయింది. ఆ మొదటి కీర్తన ఎత్తుకున్నది తమవాళ్ళేనని రెండు సంఘాలూ ఈ రోజుకీ చెప్తాయి. నేను చివరిదాకా ఏడ్చాను.

బయటికొస్తుంటే ఆఫీసు పెద్దమనిషి మా ఇద్దరినీ పక్కకు పిలిచాడు.

"మేడం, సార్ బహుత్ అచ్ఛా ఆద్మీ. ఇప్పుడు ఆయన లేరు కదా, ఈ అరగంట ఏం చెయ్యమంటారు? చెరో పావుగంట ఇచ్చెయ్యనా?"

"ఆయన లేకపోతే అరగంటకేంటి?" అన్నాను.

ఆయన మమ్మల్ని వింతగా చూశాడు. "సారే కదా అడిగింది. మాస్కులు పోయినప్పుడే తీసేస్తానన్నాను. వద్దు, బోర్డు మీద క్లీనింగ్ అనే ఉండనివ్వండి, రెండు సంఘాలూ ఒప్పుకున్నాయి అన్నారు. ఆయన మీ ఇద్దరి తరఫున మనిషి కదా? అప్పుడప్పుడు వచ్చి, టీ తాగి, గుర్తు చేసి వెళ్ళేవారు."

నేనూ సలోమీ కొయ్యబారిపోయాం. అబద్ధం! పెద్దమనిషి, చరిత్ర మాష్టారు, మా ఇద్దరి పేరూ చెప్పి, మా పావుగంటా వాళ్ళ పావుగంటా కొట్టేశాడు. ఎవరో నొక్కేశారని నేను మొదటి రోజునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. నా అనుమానం అక్షరాలా నిజమైంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆయన కళ్ళు మూసుకుని, చెప్పులు విప్పుకుని, ఆ సగం చీకట్లో కూర్చోవడం కళ్ళ ముందుకొచ్చింది. ఈ దేశం మొత్తంలో ఆయనకి తన చర్చి అని ఉన్నది ఆ అరగంటే.

"చెప్పండి మేడం," అన్నాడు ఆఫీసు పెద్దమనిషి.

నేను సలోమిని చూశాను. ఆవిడ నన్ను చూసింది. మా పెద్దలు ఏళ్ళుగా తెమ్మంటున్నది అదే, చెయ్యి చాపితే ఇచ్చేస్తాడు.

"ఉండనివ్వండి. క్లీనింగ్‌కే," అన్నాను.

"యల్లా, మీ ఇష్టం," అని ఆయన వెళ్ళిపోయాడు.

"ఎందుకక్కా వద్దన్నావు?" అంది సలోమి వెంటనే, కళ్ళు చిన్నవి చేసి.

"నువ్వెందుకు అడగలేదు?"

ఆఫీసు వాళ్ళు ఇవ్వనన్నారని మా పెద్దలకి చెప్పాను. సలోమి తన పెద్దలకేం చెప్పిందో నాకు తెలీదు. అందుకే ఆ వచ్చే ఆదివారం మావాళ్ళు వెళ్ళాక నేను ఆ అరగంటా హాల్లోనే కూర్చున్నాను. సలోమి మళ్ళీ ఆఫీసుకెళ్ళి ఏమైనా చక్కబెడుతుందేమోనని. చూస్తే అవతలి వైపు కుర్చీలో ఆవిడ అప్పటికే కూర్చుని ఉంది, నేనేం చక్కబెడతానోనని. ఇప్పుడు ప్రతి వారం అంతే. స్తంభం పక్క కుర్చీ ఖాళీగా వదిలేసి, చెరో పక్కా కాపలా. ఒకరికి తెలియకుండా ఒకరం కళ్ళు మూసుకోవడం కూడా అలవాటైంది.

పోయిన ఆదివారం మాకు ప్రభు భోజనం. నిలబడి విశ్వాస ప్రమాణం చెప్తున్నాం. చివరికొచ్చాం. ఆ మాట దగ్గర, అలవాటు చొప్పున ఆయన కోసం వెనక్కి తిరగబోయి, లేడని గుర్తొచ్చి ఆగిపోయాను. మెడ ఆగింది. గొంతూ ఆగింది. చుట్టూ అందరూ ఆ మాట చెప్పుకుంటూ పోతున్నారు, నా నోరు పెగల్లేదు. కాలవ నీళ్ళల్లో ఒక పిల్ల ఒక మణికట్టు పట్టుకుని ఉంది.

మాట దాటిపోయింది. గబుక్కున మిగిలింది అందుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాను.

చివరి వరసలో సలోమి. ముందే వచ్చి కూర్చుంది. నన్నే చూస్తోంది.